మొదటి ఇంటికీ అయిదో ఇంటికీ ఒకటే చలానా ఎందుకు?

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి, జీఎస్టీ కౌన్సిల్‌లో ఉన్న రాష్ట్రాల మంత్రులకు, తెలంగాణలో రిజిస్ట్రేషన్లు, గృహనిర్మాణం చూస్తున్న మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారికి,

నమస్కారం.

నేను చర్లపల్లిలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. నా భార్య ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మాది జనగామ దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చాక పదకొండేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారాం. చివరికి 2024 ఉగాదికి ఉప్పల్‌లో ఒక గల్లీ లోపల కడుతున్న అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ బుక్ చేసుకున్నాం, 2025 శ్రావణంలో రిజిస్ట్రేషన్ అయింది. ఇది మా మొదటి ఇల్లు. ఇంకోటి కొనే ఆలోచన గానీ, శక్తి గానీ మాకు లేదు.

రిజిస్ట్రేషన్ రోజు సంగతి ఒకటి చెప్పాలి. స్లాట్ టైము కంటే గంట ముందే వెళ్లి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. పక్క కుర్చీలో అరవై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన ఉన్నారు, మా పాపకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి మాటలు కలిపారు. ఆయన కూడా ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కే వచ్చారు, అది ఆయనకు అయిదోది. మిగతా నాలుగింటిలో ఒకటి తాము ఉండేది, మూడు అద్దెకిచ్చినవి. మాటల్లో నేను "మీకు చలానా ఎంత అయింది సార్" అని అడిగితే, "అందరికీ ఒకటే కదా బాబూ, ఏడున్నర శాతం" అన్నారు. ఆయన మంచి మనిషి, కష్టపడి సంపాదించుకుని కొనుక్కుంటున్నారు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ మాట మాత్రం ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఆ రోజు నేను నింపిన కాయితాల్లో నా పేరు, మా నాన్న పేరు, ఆధార్, పాన్, ఫ్లాట్ కొలతలు, చుట్టూ హద్దులు అన్నీ అడిగారు. "ఇది మీకు మొదటి ఇల్లా?" అని మాత్రం ఎక్కడా అడగలేదు. పదకొండేళ్లు అద్దె కట్టి ఇల్లు కొనుక్కున్నవాడూ, అద్దెకివ్వడానికి అయిదో ఇల్లు కొనుక్కున్నవారూ మీ లెక్కలో ఒక్కటే అయ్యారు. ఆ ఒక్క ప్రశ్న మీ ఫారంలో చేర్చమని, దానికి తగ్గట్టు పన్ను తగ్గించమని అడగడానికే ఈ ఉత్తరం.

మొదటి ఇంటికి చాలా రాయితీలున్నాయని పేపర్లో చదువుతాం. ఆ మాట నమ్మే నేనూ బయల్దేరాను. నా లెక్క ఉన్నదున్నట్టు మీ ముందు పెడతాను, ఏ రాయితీ నా దాకా వచ్చిందో మీరే చూడండి.

ఫ్లాట్ ధర 52 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే హోమ్ లోన్ మీద రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బ్యాంకు ఇంటి ధరలో 80 శాతం మించి ఇవ్వకూడదు. కాబట్టి 41 లక్షల 60 వేలు లోను, మిగతా 10 లక్షల 40 వేలు మేం తేవాలి. పీఎఫ్‌లోంచి 3 లక్షల 20 వేలు తీశాను. 5 లక్షల చీటీ ముందే పాడి 4 లక్షల 10 వేలకు ఎత్తాను. ఊళ్లో మా నాన్న 2 లక్షలు ఇచ్చాడు, మిగతాది మేం దాచుకున్నది. ఇంతవరకు ఇల్లు కొనే ఎవరికైనా తప్పని తిప్పలే, దీని గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు.

అసలు టెన్షన్ ఆ తరవాత మొదలైంది. కడుతున్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే 2 లక్షల 60 వేలు. రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షల 90 వేలు. రెండూ కలిపితే 6 లక్షల 50 వేలు. ఇంకో నియమం కూడా ఉంది. 10 లక్షలు దాటిన ఇంటికి స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను బ్యాంకు ఇంటి ధరలో కలపకూడదు. అంటే వాటి మీద లోను రాదు, మొత్తం చేతిలోంచి కట్టాల్సిందే. అప్పటికే చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసిన మనిషిని, ఆ తరవాత అడిగే డబ్బు ఇది.

జీఎస్టీకి వాయిదా వాయిదాకూ కొంత జీతంలోంచి, కొంత పర్సనల్ లోనుతో సర్దాను. రిజిస్ట్రేషన్ డబ్బుకు మాత్రం దారి దొరకలేదు. స్లాట్‌కు వారం ముందు నా భార్య తనంతట తానే బీరువా తీసి నాలుగు గాజులు, ఒక గొలుసు మూటగట్టింది, మొత్తం కలిపి 5 తులాలకు కాస్త తక్కువ. గాజుల్లో రెండు వాళ్లమ్మ పెళ్లికి పెట్టినవి. గోల్డ్ లోన్ కౌంటర్లో అబ్బాయి ఒక్కో గాజును గీటురాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, తూకం వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేస్తుంటే ఆమె ఆ కవర్ వైపు చూడకుండా గోడమీద వడ్డీ రేట్ల బోర్డు చదువుతూ నిలబడింది. 3 లక్షలు వచ్చాయి. మిగతా 90 వేలు ల్యాబ్‌లో నాతో పనిచేసే అతను ఇచ్చాడు. ఆ సాయంత్రమే చలానా కట్టేశాను. ఇంటికో, బిల్డర్‌కో కాదు, ఆ బంగారం నేరుగా స్టాంప్ డ్యూటీకి పోయింది.

ఇప్పుడు రాయితీల సంగతికొద్దాం.

మేడమ్, ముందు జీఎస్టీ గురించి మీకు, కౌన్సిల్‌లోని మంత్రులందరికీ. 2019 ఫిబ్రవరి 24న జరిగిన 33వ సమావేశంలో మీ కౌన్సిల్ మంచి నిర్ణయమే తీసుకుంది. అందుబాటు ధర ఇళ్లకు 1 శాతం, మిగతావాటికి 5 శాతం. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందుబాటు ధర ఇల్లు అంటే 45 లక్షలు మించకూడదు, కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల గోడల మధ్య వాడుకునే చోటు, మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్లు, మిగతా ఊళ్లలో 90 చదరపు మీటర్లు మించకూడదు. రెండూ కుదరాలి, ఒకటి కుదిరితే చాలదు. ఆ మెట్రో నగరాల పట్టికలో హైదరాబాద్ ఉంది.

60 చదరపు మీటర్లంటే 645 చదరపు అడుగులు. మా ఫ్లాట్ బ్రోచర్‌లో 1,080 అని రాసి ఉన్నా లోపల గోడ నుంచి గోడకు కొలిస్తే 760 వస్తుంది. రెండు చిన్న గదులు, హాలు, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటిల్లు. మా అమ్మానాన్న ఊరి నుంచి వస్తే హాల్లో చాపేసుకుంటారు. దీన్ని ఎవరైనా విలాసమైన ఇల్లు అంటారా? మీ నిబంధన ప్రకారం ఇది అందుబాటు ధర ఇల్లు కాదు, అందుకే 1 శాతం కాకుండా 5 శాతం పడింది. 52 వేలతో పోవాల్సిన చోట 2 లక్షల 60 వేలు కట్టాను. ఇదే కొలతల ఫ్లాట్ హనుమకొండలో కొంటే 90 మీటర్ల లెక్కలో పడుతుంది, అక్కడ ధర 45 లోపు ఉంటే 1 శాతంతో అయిపోతుంది. పని ఉన్నది హైదరాబాద్‌లో. భూమి ధర ఎక్కువ ఉన్న చోట పన్నూ ఎక్కువ, ఇల్లు మాత్రం చిన్నదిగా ఉండాలంటే మాలాంటి కుటుంబాలు ఎటు పోవాలి? గల్లీ గల్లీ తిరిగాను, ఉప్పల్, నాగోలు, కాప్రా, మల్లాపూర్. 45 లక్షల లోపూ, 645 అడుగుల లోపూ రెండూ కలిసి ఉన్న కొత్త ఫ్లాట్ నాకు ఒక్కటి కూడా కనిపించలేదు.

ఆ 45 లక్షలు 2019లో పెట్టిన హద్దు. అప్పటి నుంచి సిమెంటు, ఇసుక, కూలి, భూమి ఏవీ ఆగలేదు, ఆ అంకె మాత్రం ఆగిపోయింది. రిజర్వు బ్యాంకు కూడా ప్రాధాన్య రంగం కింద ఇచ్చే గృహ రుణాలకు మెట్రో నగరాల్లో ఇంటి ధర ఇదే 45 లక్షల లోపు ఉండాలని హద్దు పెట్టుకుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి, 50 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో ఆ హద్దును 63 లక్షలకు పెంచింది. ధరలు పెరిగాయని రిజర్వు బ్యాంకుకు తెలిసిన విషయం జీఎస్టీ కౌన్సిల్‌కు ఎందుకు తెలియకుండా ఉంటుంది? కౌన్సిల్ టేబుల్ చుట్టూ కూర్చునే మంత్రుల్లో మా తెలంగాణ వాళ్లూ ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. దయచేసి ఈ ఒక్క సవరణ అజెండాలో పెట్టించండి.

ఇంకో మాట. 5 శాతం, 1 శాతం రేట్లలో బిల్డర్‌కు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సామాను కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, లేదు. అంటే సిమెంటు మీద ఆయన కట్టిన 28 శాతం, ఇనుము మీద కట్టిన 18 శాతం ఎక్కడికీ పోవు, ఫ్లాట్ ధరలో కలిసి మా మీదికే వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటును 18 శాతానికి తగ్గించారు, సంతోషం. కానీ ఒకసారి పన్ను కలిసిన ధర మీద మళ్లీ జీఎస్టీ, అదే ధర మీద మళ్లీ 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు. మొదటి ఇల్లు కొనేవాడి దగ్గర ఒకే గోడకు ఎన్నిసార్లు వసూలు చేస్తారు?

తరవాత ప్రధానమంత్రి ఆవాస్ యోజన. ఇది నిజంగా మంచి పథకం, నేను కళ్లారా చూశాను. మా కంపెనీలోనే ప్యాకింగ్‌లో పనిచేసే ఒకాయనకు 2019లో 2 లక్షల 67 వేల వడ్డీ రాయితీ నేరుగా లోను ఖాతాలో పడింది, ఆ నెల నుంచే ఈఎంఐ తగ్గింది. ఆ రోజు ఆయన ల్యాబ్ దాకా వచ్చి అందరికీ స్వీట్లు పంచాడు. ఆ వడ్డీ రాయితీలో 6 లక్షల నుంచి 18 లక్షల ఆదాయం వాళ్ల భాగం 2021 మార్చి 31న ఆగిపోయింది, తక్కువ ఆదాయం వాళ్ల భాగం 2022 మార్చి 31న ఆగిపోయింది. మళ్లీ 2024 సెప్టెంబరు 1న పట్టణ ఆవాస్ యోజన రెండో విడత కింద వచ్చింది. మధ్యలో రెండున్నరేళ్లు ఏమీ లేదు, నా లోను శాంక్షన్ అయింది సరిగ్గా ఆ ఖాళీలోనే, 2024 జూన్‌లో.

సరే, నా టైము బాలేదనుకుందాం. రెండో విడతలో అయినా నాకు వచ్చేదా? కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు మించకూడదు, ఇంటి ధర 35 లక్షలు మించకూడదు, లోను 25 లక్షలు మించకూడదు. నా జీతం 54 వేలు, ఆమెది 24 వేలు, ఏడాదికి 9 లక్షల 36 వేలు. 36 వేల దగ్గర ఆగిపోయాం. పోనీ ఆమె ఉద్యోగం మానేస్తే అర్హత వస్తుంది, కానీ అప్పుడు ఏ బ్యాంకూ మాకు లోను ఇవ్వదు. 35 లక్షలకు హైదరాబాద్‌లో కుటుంబం ఉండగలిగే కొత్త ఫ్లాట్ నేను తిరిగిన ఏ ఏరియాలోనూ లేదు. అంతా కుదిరినా వచ్చేది మొదటి 8 లక్షల లోను మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, అదీ అయిదేళ్లలో అయిదు వాయిదాలు. ముందు 2 లక్షల 67 వేలు ఒకేసారి ఇచ్చినవాళ్లు, ఇళ్ల ధరలు ఇంత పెరిగాక 1 లక్షా 80 వేలు అయిదేళ్లకు సాగదీసి ఇవ్వడం నాకు అర్థం కాలేదు. దేశమంతటికీ ఒకే 35 లక్షల హద్దు పెట్టడం అంతకంటే అర్థం కాలేదు. జనగామలో 35 లక్షలకు మంచి ఇల్లు వస్తుంది, హైదరాబాద్‌లో రాదు, ఇది లెక్కలు రానివాళ్లకు కూడా తెలుసు.

ఇక ఆదాయపు పన్ను. పాత చట్టంలో 24(బి) అని అందరికీ తెలిసిన నిబంధన ఉంది, సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీలో ఏడాదికి 2 లక్షల దాకా ఆదాయంలోంచి తీసేస్తారు. ఆ 2 లక్షలు 2014లో పెట్టిన హద్దు. నా లోనుకు మొదటి ఏడాది వడ్డీయే సుమారు మూడున్నర లక్షలు. మొదటి ఇల్లు కొనేవాళ్ల కోసమని 80ఈఈ సెక్షన్ కింద 50 వేలు, తరవాత 80ఈఈఏ సెక్షన్ కింద లక్షన్నర అదనంగా ఇచ్చేవారు. ఆ లక్షన్నర కూడా 2022 మార్చి 31 తరవాత శాంక్షన్ అయిన లోన్లకు లేదు. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి అసలు మినహాయింపే లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం ఏమిటంటే, అదే కొత్త విధానంలో ఇల్లు అద్దెకిస్తే మాత్రం వచ్చిన అద్దె మేరకు వడ్డీ మినహాయించుకోవచ్చు. ఉండటానికి కొన్న ఒక్క ఇంటికి లేదు, అద్దెకిచ్చే ఇంటికి ఉంది. వరండాలో కలిసిన పెద్దాయనకు మూడు ఇళ్ల మీద దొరికేది నాకు ఒక్క ఇంటి మీద దొరకదు.

కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేకుండా చేశారు, నాలాంటి లక్షలమంది మీకు రుణపడి ఉంటాం. కానీ దాంతోపాటు ఇంకో సంగతి జరిగింది, అది ఎవరూ మాట్లాడటం లేదు. పన్నే కట్టనివాడికి పన్ను మినహాయింపు ఇచ్చి ఏం లాభం? చిన్న ఫ్లాట్లు కొనేది మా జీతాల వాళ్లే, మా జీతాల మీద పన్ను లేదు. కాబట్టి వడ్డీ మీద రెండు లక్షలన్నా, మూడు లక్షలన్నా మాకు ఒక్క రూపాయి చేరదు. అది చేరేది ఇరవై, ముప్పై లక్షల జీతాల వాళ్లకు. మొదటి ఇంటికి సాయం చేయాలని మీకు నిజంగా ఉంటే ఆ సాయం రిటర్న్ ఫైల్ చేసే చోట కాకుండా, చలానా కట్టే చోట ఉండాలి. డబ్బు లేక మేం ఆగిపోయేది అక్కడే.

అందుకే ఇప్పుడు శ్రీనివాసరెడ్డి గారికి రాస్తున్నాను.

సార్, మన రాష్ట్రంలో 2021 జులై 22 దాకా రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి 6 శాతం ఉండేది. ఆ రోజు నుంచి 7.5 చేశారు. భూముల, ఫ్లాట్ల ప్రభుత్వ విలువ కూడా అప్పుడొకసారి, 2022 ఫిబ్రవరిలో ఇంకోసారి పెంచారు. అది మీ ప్రభుత్వం చేసింది కాదు, తెలుసు. కానీ ఇప్పుడు రిజిస్ట్రేషన్లూ మీ చేతిలోనే ఉన్నాయి, గృహనిర్మాణమూ మీ చేతిలోనే ఉంది. సొంత జాగా ఉన్న పేదలకు ఇందిరమ్మ ఇళ్ల కింద 5 లక్షలు ఇస్తున్నారు. మా ఊళ్లో పాత పెంకుటింట్లో ఉన్న ఒక ముసలామె ఆ డబ్బుతో స్లాబు వేసుకుంది, మొన్న దసరాకు వెళ్తే చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చూపించింది. ఆ డబ్బులో ఒక్క రూపాయి తగ్గించి మాకు ఇవ్వమని నేను అడగను. ఒకే మంత్రి ఒక చేత్తో ఇల్లు కట్టుకోమని 5 లక్షలు ఇస్తున్నప్పుడు, పక్కనే ఇంకో చేత్తో మొదటి ఇల్లు కొనుక్కునేవాడి దగ్గర 4 లక్షలు తీసుకోవడం చూసి, ఆ రెండో చేయి కొంచెం సడలించమని అడుగుతున్నాను.

2024 జులై బడ్జెట్ ప్రసంగంలో నిర్మల గారే చెప్పారు, స్టాంప్ డ్యూటీ ఎక్కువ ఉన్న రాష్ట్రాలు తగ్గించుకునేలా ప్రోత్సహిస్తామని, ఆడవాళ్లు కొనే ఆస్తులకు ఇంకా తగ్గించే ఆలోచన చేస్తామని. కొన్ని రాష్ట్రాలు అంతకుముందే ఆ పని చేశాయి. ఢిల్లీలో ఆడవాళ్లకు మగవాళ్లకంటే 2 శాతం తక్కువ. మహారాష్ట్రలో ఇల్లు ఆడవాళ్ల పేరు మీద కొంటే 1 శాతం తక్కువ. కర్ణాటకలో 20 నుంచి 45 లక్షల మధ్య ధర ఉన్న కొత్త ఫ్లాట్‌కు స్టాంప్ డ్యూటీ 3 శాతమే. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కూడా మనలాగే అన్నీ కలిపి ఏడున్నర, కాబట్టి ఈ ఉత్తరం అక్కడి మంత్రులు చదివినా నాకు సంతోషమే, విజయవాడలోనో వైజాగ్‌లోనో ఇల్లు కొనేవాళ్ల బాధ ఇంతకంటే వేరుగా ఉండదు.

మా చిన్నాన్న కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. మా ఇంటి సంగతి చెప్పినప్పుడు వాడు తన సంగతి చెప్పాడు. వాళ్ల విక్టోరియా రాష్ట్రంలో మొదటి ఇల్లు కొనేవాళ్లకు 6 లక్షల డాలర్ల లోపు ఇంటికి స్టాంప్ డ్యూటీ అసలు లేదు, అక్కడి నుంచి ఏడున్నర లక్షల దాకా తగ్గింపు ఉంది. కొత్తగా కట్టిన ఇల్లయితే ప్రభుత్వమే 10 వేల డాలర్లు ఇస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గ్రాంటు పుట్టిన కథ. ఆస్ట్రేలియాలో 2000 జులై 1న జీఎస్టీ తెచ్చారు. దానివల్ల ఇళ్ల ధరలు పెరిగి మొదటిసారి కొనేవాళ్లు దెబ్బతింటారని, అదే రోజు నుంచి వాళ్లకు 7 వేల డాలర్ల గ్రాంటు మొదలుపెట్టారు. పన్ను తెచ్చిన రోజే, దాని బరువు ఎవరి మీద ఎక్కువ పడుతుందో చూసి వాళ్లకు తిరిగి ఇచ్చారు. మన దగ్గర జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. మొదటి ఇంటి గురించి ఆ ఆలోచన ఇప్పటికీ రాలేదు.

ఆ దేశం లెక్కలు మనకు అచ్చంగా సరిపోవని నాకు తెలుసు. అక్కడ గ్రాంటు వల్ల ఇళ్ల ధరలే పెరిగాయని ఎంతోమంది ఆర్థికవేత్తలు విమర్శించారు కూడా, అందులో నిజం ఉంది. చేతికి డబ్బిస్తే అమ్మేవాడు ఆ మేరకు రేటు పెంచుతాడు. అందుకే నేను గ్రాంటు అడగడం లేదు, మీరు తీసుకునేది తగ్గించమంటున్నాను. కొంత అమ్మేవాళ్లు లాక్కునే ప్రమాదం ఇందులోనూ లేకపోలేదు, కానీ ఎంత ఇల్లు, ఎవరికి అని హద్దు పెడితే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. అక్కడి నుంచి తీసుకోదగింది మాత్రం వాళ్ల షరతులు. భార్యాభర్తల్లో ఎవరికీ అంతకుముందు ఇల్లు ఉండకూడదు, కొన్న ఏడాదిలోపు అందులోకి వెళ్లాలి, కనీసం పన్నెండు నెలలు అందులోనే ఉండాలి. లేకపోతే రాయితీ వెనక్కి కట్టాలి.

మన దగ్గర అలాంటివి ఎవరు తనిఖీ చేస్తారని అంటారేమో. ఆవాస్ యోజనకు ఇప్పటికే చేస్తున్నారు కదా. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదని భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లల తరఫున రాసిచ్చి, అందరి ఆధార్ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర, ఫొటో, ఆధార్ అన్నీ కంప్యూటర్లోకే పోతున్నాయి, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కాయితం ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నాం. ఒక మనిషి పేరు మీద రాష్ట్రంలో ఇంతకుముందు ఇల్లు రిజిస్టర్ అయిందో లేదో మీ డిపార్ట్‌మెంట్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అబద్ధం రాసిచ్చినవాళ్ల దగ్గర తగ్గించినదంతా జరిమానాతో వసూలు చేయండి, ఎవరూ అడ్డం చెప్పరు.

ఖజానాకు నష్టం అనే మాట కూడా వస్తుంది. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల ఆదాయం రాష్ట్రానికి ఎంత ముఖ్యమో నాకు తెలియంది కాదు. అందుకే అందరికీ తగ్గించమని అడగడం లేదు. మొదటి ఇల్లు, తాము ఉండటానికి, 60 లక్షల లోపు. ఈ మూడూ ఉన్నవాళ్లకు 7.5 కాకుండా పాత 6 శాతానికైనా తీసుకురండి, భార్య పేరు మీదో, ఇద్దరి పేరు మీదో ఉంటే 5 చేయండి. అయిదేళ్లలోపు అమ్మితే వెనక్కి తీసుకోండి. కావాలంటే ఆ లోటును రెండో ఇల్లు, మూడో ఇల్లు రిజిస్ట్రేషన్ల మీద కొంచెం పెంచి పూడ్చుకోండి, వరండాలో ఆ పెద్దాయన కూడా కాదనరని నా నమ్మకం. తగ్గించడం అస్సలు కుదరకపోతే, కనీసం ఆ 7.5 శాతాన్ని రెండు మూడేళ్ల వాయిదాల్లో కట్టుకోనివ్వండి. ఒకేరోజు 3 లక్షల 90 వేలు తేలేనివాడు నెలకు 11 వేలు తేగలడు, ఆ తేడా ఎంతదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నిర్మల గారూ, మీ దగ్గర అడిగేది ఇంకా తేలిక. ఆ 45 లక్షలను రిజర్వు బ్యాంకులాగే 63 చేయండి, హైదరాబాద్ లాంటి నగరాలకు 60 మీటర్ల హద్దు తీసేసి అందరికీ 90 పెట్టండి. ఆవాస్ యోజన 35 లక్షల హద్దును ఊరిని బట్టి మార్చండి, 9 లక్షల ఆదాయ హద్దును ఇద్దరూ ఉద్యోగం చేసే కుటుంబాలకైనా పెంచండి. భార్య పనిచేయడం వల్ల ఇల్లు కొనగలిగిన కుటుంబానికి, భార్య పనిచేస్తోందనే సాయం ఆపేయడం ఆడవాళ్లకు ఏం చెబుతున్నట్టు?

మా చలానా మేం కట్టేశాం, వెనక్కి ఇమ్మని అడగడం లేదు. ఈఎంఐ 36 వేలు నెల నెలా పోతోంది, గోల్డ్ లోన్ వడ్డీ వేరే కడుతున్నాం, గాజులు విడిపించడానికి ఇంకో రెండేళ్లు పడుతుందని లెక్క వేసుకున్నాం. నాకు 90 వేలు ఇచ్చిన ల్యాబ్ సహోద్యోగి ఇప్పుడు తనే ఒక ఫ్లాట్ చూసుకున్నాడు, రామంతాపూర్‌లో, 54 లక్షలు. అతనికీ ఇదే మొదటి ఇల్లు. రిజిస్ట్రేషన్ ఉగాది తరవాత పెట్టుకుంటామన్నాడు. మొన్న ఆదివారం ఇద్దరూ మా ఇంటికొచ్చి ఏ ఖర్చు ఎప్పుడు వస్తుందో అడిగి కాయితం మీద రాసుకున్నారు. చలానా దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి రాయడం ఆపేసి తన చేతికున్న గాజులను ఒకసారి చూసుకుంది.

ఇట్లు,
ఉప్పల్ నుంచి ఒక మొదటి ఇంటి యజమాని